30 నుంచి 200 దాకా: అమెరికా ఇంటి కరెంటు పెట్టె కథ

అమెరికాలో ఒక ఇంటికి వచ్చే కరెంటంతా ముందుగా ఒక ఇనుప పెట్టెలో చేరి, అక్కడినుంచి గదులకు చీలుతుంది. గరాజు గోడకో, బేస్‌మెంటు మూలకో, కొన్నిచోట్ల ఇంటి బయటి గోడకో బిగించి ఉండే ఆ పెట్టెను ప్యానెల్ అంటారు. తలుపు తీస్తే రెండు వరుసల బ్రేకర్లు కనిపిస్తాయి. వాటిలో పెద్దది మెయిన్ బ్రేకరు. దానిమీద ఒక అంకె ఉంటుంది: 60, 100, 150, 200. ఇల్లు మొత్తం కలిసి ఒక సమయంలో ఎన్ని ఆంపియర్లు లాగవచ్చో చెప్పే హద్దు అది. ఇల్లు ఏ కాలంలో కట్టారో కూడా ఆ అంకెను బట్టి చాలావరకు ఊహించవచ్చు. దశాబ్దాల తరబడి ఎవరూ తెరిచి చూడని ఈ పెట్టె, విద్యుత్ కారు కొన్న వారం రోజుల్లోనే ఇంట్లో పెద్ద చర్చనీయాంశం అవుతోంది. కారు ఖరీదుకు పైన మరికొన్ని వేల డాలర్లు ఈ పెట్టె మార్చడానికి కావాలని ఎలక్ట్రీషియన్ చెప్పడమే అందుకు కారణం.

ఈ పెట్టె వంశవృక్షం 1882లో మొదలవుతుంది. ఆ ఏడాది సెప్టెంబరు 4న న్యూయార్కులోని పెర్ల్ వీధిలో థామస్ ఎడిసన్ విద్యుత్ కేంద్రం పనిచేయడం ప్రారంభించింది. మొదటి రోజు వెలిగినవి సుమారు 400 దీపాలు. సరఫరా 110 వోల్టుల డైరెక్ట్ కరెంటు. అంతకు కొన్ని నెలల ముందే బ్యాంకరు జె. పి. మోర్గాన్ మాడిసన్ అవెన్యూలోని తన ఇంటికి సొంత జనరేటరు పెట్టించుకుని ఎడిసన్ దీపాలు వెలిగించుకున్నాడు. దాని చప్పుడు భరించలేక ఇరుగుపొరుగువాళ్లు గొడవ చేశారు. జనరేటరు నడిపే మనిషి రాత్రి 11కు ఇంటికి వెళ్లిపోతే ఇల్లంతా చీకటి. ఒకసారి తీగలు షార్ట్ అయి మోర్గాన్ గ్రంథాలయంలోని బల్ల, కింది తివాచీ కాలిపోయాయి కూడా. దేశంలోకెల్లా ధనవంతుల్లో ఒకడైన మనిషి ఇంట్లోనే ఇలా జరిగిందంటే, తీగల్లో పారే కరెంటుకు హద్దు పెట్టే సాధనం ఎంత అవసరమో చెప్పనక్కర్లేదు.

ఆ సాధనం ఫ్యూజు. దీపాల తీగల మధ్య ఒకచోట కావాలనే బలహీనమైన లోహపు ముక్క పెట్టి, కరెంటు మితిమీరితే అది ముందు కరిగిపోయి మిగతా తీగను కాపాడే ఏర్పాటుకు ఎడిసన్ 1880లోనే పేటెంటు పొందాడు. తర్వాత ఈ ఫ్యూజులకు బల్బుకు ఉండే మర దిమ్మెనే పెట్టారు. బల్బు తిప్పి బిగించినట్టే ఫ్యూజునూ తిప్పి బిగించవచ్చు. ఇది ఎంత సులువైన ఏర్పాటో అంత ప్రమాదకరమైనదని తెలియడానికి మరో నలభై ఏళ్లు పట్టింది.

ఎడిసన్ చేసిన ఇంకో పని ఇవాళ్టి విద్యుత్ కారుకు నేరుగా సంబంధించింది. రాగి ఖరీదు తగ్గించుకోవడానికి ఆయన రెండు 110 వోల్టుల డైనమోలను వరుసగా కలిపి, మధ్యనుంచి మూడో తీగ లాగాడు. బయటి తీగల్లో ఏ ఒక్కదానికైనా మధ్య తీగకూ నడుమ 110 వోల్టులు, బయటి రెండింటి నడుమ 220 వోల్టులు వస్తాయి. అంతే దీపాలకు సగం కన్నా తక్కువ రాగి సరిపోతుంది. బ్రిటన్‌లో జాన్ హాప్కిన్సన్ కూడా విడిగా ఇదే ఆలోచన చేశాడు. పెన్సిల్వేనియాలోని సన్‌బరీ ఊళ్లో 1883 జులై 4న ఎడిసన్ మూడు తీగల పద్ధతి అమల్లోకి వచ్చింది. డైరెక్ట్ కరెంటు పోయి ఆల్టర్నేటింగ్ కరెంటు వచ్చినా ఆ మూడు తీగలు మాత్రం పోలేదు. ఇవాళ దాదాపు ప్రతి అమెరికన్ ఇంటికీ వచ్చేవి అవే: రెండు వేడి తీగలు, ఒక న్యూట్రల్. ఒక్క వేడి తీగతో 120, రెండింటితో 240. ఎడిసన్ ప్రయోగశాల ఉన్న మెన్లో పార్కు న్యూజెర్సీలో అప్పట్లో రారిటన్ టౌన్‌షిప్ కిందికి వచ్చేది. 1954లో ఆ టౌన్‌షిప్ పేరే ఎడిసన్‌గా మార్చారు. ఇప్పుడు అక్కడ వీధివీధినా తెలుగు కుటుంబాలున్నాయి. గరాజులో కారు చార్జింగుకు 240 వోల్టుల సాకెట్టు పెట్టించుకునే తెలుగు ఇంటివాళ్లు తెలిసో తెలియకో ఆ ఊరి పాత నివాసి లెక్కనే వాడుకుంటున్నారు.

తీగల పనికి నియమాలు పెట్టింది ప్రభుత్వం కాదు. ఇళ్లు కాలితే డబ్బు కట్టాల్సిన బీమా కంపెనీలు ముందుకొచ్చాయి. 1893 షికాగో ప్రదర్శనలో లక్షల దీపాలకు వేసిన తీగలను పరీక్షించడానికి బీమావాళ్లు పంపిన యువ ఇంజనీరు విలియం హెన్రీ మెరిల్, మరుసటి ఏడాదే ఒక పరీక్షా కేంద్రం పెట్టాడు. ఇవాళ చాలా అమెరికన్ విద్యుత్ పరికరాల మీద కనిపించే యూ ఎల్ ముద్ర దాని వారసత్వమే. 1897లో నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ తొలి ప్రతి వచ్చింది. 1911 నుంచి జాతీయ అగ్నిమాపక సంఘం దాని బాధ్యత చూస్తోంది. మూడేళ్లకోసారి ఆ కోడ్ మారుతుంది. ప్యానెల్ చరిత్రను ఒక విధంగా ఈ కోడ్ చరిత్రగా చదవవచ్చు. ఎక్కడో మంటలు లేవడం, ఆ తర్వాత కోడ్‌లో ఒక వాక్యం చేరడం, అదే పదేపదే కనిపించే వరుస.

తొలి తరం ఇళ్లకు 30 ఆంపియర్లు ఎక్కువే అనిపించాయి. కరెంటు అంటే దీపం అన్న కాలం అది. గోడకు సాకెట్టు అనేదే ఉండేది కాదు. ఇస్త్రీ పెట్టె, టోస్టరు వంటివి కొన్నవాళ్లు పైకప్పుకు వేలాడే బల్బు తీసి ఆ హోల్డరులోనే వాటి తీగ బిగించుకునేవారు. విడదీయగలిగే ప్లగ్గుకు హార్వే హబ్బెల్ పేటెంటు తెచ్చుకున్నది 1904లో. 1920 నాటికి దేశంలో మూడో వంతు ఇళ్లకు మాత్రమే కరెంటు వచ్చింది. 1930కి ఆ వంతు మూడింట రెండుకు చేరింది.

ఆ దీపాల కాలంలోనే విద్యుత్ కారు ఒకసారి ఇంటి గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్లిందన్నది చాలామందికి తెలియని సంగతి. 1900లో అమెరికాలో తయారైన 4,192 కార్లలో 1,681 ఆవిరివి, 1,575 విద్యుత్తువి. పెట్రోలువి 936 మాత్రమే. హ్యాండిల్ తిప్పే బాధ, పొగ, చప్పుడు లేకపోవడంతో పట్టణాల సంపన్న మహిళలకు విద్యుత్ కారు నచ్చింది. హెన్రీ ఫోర్డ్ భార్య క్లారా ఫోర్డ్ తన భర్త కంపెనీ కారు కాకుండా డెట్రాయిట్ ఎలక్ట్రిక్ కారు నడిపింది. అయితే చార్జింగు దగ్గర ఒక చిక్కు వచ్చింది. బ్యాటరీకి కావలసింది డైరెక్ట్ కరెంటు, చాలా ఇళ్లకు వస్తున్నది ఆల్టర్నేటింగ్. దానికి మందు 1902లో పీటర్ కూపర్ హెవిట్ కనిపెట్టిన పాదరసపు రెక్టిఫయరు. పెద్ద గాజు బుడ్డి, అడుగున పాదరసం, లోపల వణుకుతూ వెలిగే నీలి కాంతి. జనరల్ ఎలక్ట్రిక్ వంటి కంపెనీలు దాన్ని పలక మీద బిగించి గరాజుల్లో పెట్టుకోవడానికి అమ్మాయి. ఇప్పుడు గోడకు బిగించే చార్జరుకు తాత అదే. 1912లో క్యాడిలాక్ కారుకు చార్లెస్ కెటరింగ్ సెల్ఫ్ స్టార్టరు పెట్టడంతో పెట్రోలు కారుకున్న పెద్ద ఇబ్బంది తీరింది. చౌక పెట్రోలు, మోడల్ టి ధర మిగతా పని పూర్తిచేశాయి. డెట్రాయిట్ ఎలక్ట్రిక్ 1939 దాకా ఎలాగో ఈదుకొచ్చింది. ఆ కార్లు ఇంకో ముప్పై ఏళ్లు జనంలో ఉండి ఉంటే అమెరికా ఇళ్ల తీగలు అప్పుడే లావయ్యేవి.

కారు పోయినా ఇంట్లోకి మిగతావి వచ్చాయి. రేడియో, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, ఎలక్ట్రిక్ పొయ్యి. 15 ఆంపియర్ల ఫ్యూజు తరచూ పోయేది. అన్ని ఫ్యూజులకూ మర ఒకటే కొలత కావడంతో జనం దాని స్థానంలో 30ది బిగించేసేవారు. అదీ లేకపోతే ఫ్యూజు వెనక ఒక రాగి పెన్నీ పెట్టి తిప్పేవారు. పెన్నీ ఎప్పటికీ కరగదు, బదులుగా గోడలోపలి తీగ వేడెక్కుతుంది. తెలుగు ఇళ్లలో పింగాణీ కిట్‌క్యాట్ ఫ్యూజుకు సన్న తీగ మళ్లీ మళ్లీ పోతోందని లావుపాటి తీగ పెనవేసిన ప్రతి ఒక్కరికీ ఈ తెలివి బాగా తెలుసు. ఆ తెలివి వల్ల కాలిపోయిన బోర్డులూ తెలుసు. అమెరికాలో దీనికి విరుగుడుగా ఎస్ తరహా ఫ్యూజులు వచ్చాయి. ఒక్కో సామర్థ్యానికి ఒక్కో మర, హోల్డరులో ఒకసారి బిగిస్తే తిరిగి ఊడిరాని అడాప్టరు. మనిషి తెలివిని నమ్మకుండా చేసిన మంచి వస్తువుల్లో అదొకటి.

అసలు పరిష్కారం జర్మనీనుంచి వచ్చింది. 1924లో మాన్‌హైమ్‌లో హ్యూగో స్టాట్జ్ కంపెనీ ఫ్యూజు స్థానంలో పట్టేంత చిన్న బ్రేకరును తయారుచేసింది. అందులో రెండు కాపలాలున్నాయి. రెండు లోహాలు అతికించిన పట్టీ మెల్లగా పెరిగే భారానికి వేడెక్కి వంగుతుంది. షార్ట్ సర్క్యూట్ వంటి ఒక్కసారి దూకుడుకు విద్యుదయస్కాంతం లాగేస్తుంది. దేన్నీ మార్చనక్కర్లేదు, ట్రిప్ అయిన మీట తిరిగి ఎత్తితే చాలు. తెలుగునాట ఎం సి బి అని పిలిచేది దీన్నే. అమెరికాలో వెస్టింగ్‌హౌస్, స్క్వేర్ డి వంటి కంపెనీలు బ్రేకర్లను ఇళ్లకు తెచ్చాయి. 1955లో స్క్వేర్ డి తెచ్చిన క్యూ ఓ బ్రేకరు పెట్టెలో నొక్కితే కూర్చుంటుంది. ఆ తరహా ప్యానెల్ ఇప్పటికీ మార్కెట్లో ఉంది. ఫ్యూజు పెట్టెలు వెంటనే మాయం కాలేదు. ఇప్పటికీ పాత ఇళ్ల బేస్‌మెంట్లలో 60 ఆంపియర్ల ఫ్యూజు పెట్టెలు కనిపిస్తూనే ఉంటాయి.

పల్లెల సంగతి వేరు. 1930ల నడుమ పదింటిలో ఒక్క రైతు కుటుంబానికే కరెంటు ఉండేది. 1935లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ గ్రామీణ విద్యుదీకరణ సంస్థను ఏర్పాటు చేశాక సహకార సంఘాల ద్వారా తీగలు పొలాల దాకా వెళ్లాయి. అక్కడ పట్నంలో జరిగిన తప్పులు కొన్ని తప్పాయి. ఆలస్యంగా వచ్చిన ఇళ్లకు పెట్టె మొదట్నుంచీ కాస్త పెద్దదే పెట్టారు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కరెంటు కంపెనీలకు ఎక్కువ అమ్ముకోవాల్సిన అవసరం ఏర్పడింది. 1956లో జనరల్ ఎలక్ట్రిక్, వెస్టింగ్‌హౌస్, విద్యుత్ సరఫరా సంస్థలు కలిసి ‘విద్యుత్తుతో మెరుగ్గా బతకండి’ అన్న పెద్ద ప్రచారం మొదలుపెట్టాయి. వంట, నీళ్లు, వేడి, చల్లదనం అన్నీ కరెంటుతో నడిచే ఇంటికి తలుపు దగ్గర బంగారు రంగు పతకం బిగించేవారు. ఈ ప్రచారానికి ముఖం అయినవాడు జనరల్ ఎలక్ట్రిక్ టీవీ కార్యక్రమానికి వ్యాఖ్యాతగా ఉన్న సినిమా నటుడు రొనాల్డ్ రీగన్. లాస్ ఏంజెలిస్ పశ్చిమాన ఆయన కట్టుకున్న ఇంటిని కంపెనీ తన పరికరాలతో నింపేసింది. స్విచ్చుల పెట్టె కోసమే 3,000 పౌండ్ల ఉక్కు బీరువా పెట్టాల్సివచ్చిందని రీగన్ తర్వాత సరదాగా చెప్పుకునేవాడు. కిలోల్లో అది 1,360. అప్పటి సగటు ఇంటికి అంత అవసరం పడలేదు కానీ, ఎయిర్ కండిషనింగ్ వచ్చి 60 ఆంపియర్లను పాత కాలపు సంగతి చేసింది. ఇవాళ కోడ్ ప్రకారం విడి ఇంటికి కనీసం 100 ఉండాలి. 1980ల తర్వాత కట్టిన పెద్ద ఇళ్లలో 200 మామూలైపోయింది. ఇంతలో పెట్టె లోపలి బ్రేకర్లకు కొత్త తెలివి కూడా అబ్బింది. మనిషి ఒంట్లోకి కరెంటు లీకయితే క్షణంలో ఆపే పరికరాన్ని బర్కిలీ ప్రొఫెసరు చార్లెస్ డాల్జీల్ 1961లో రూపొందించాడు. ఎంత కరెంటు తగిలితే మనిషి పట్టు వదల్లేడో తెలుసుకోవడానికి ఆయన స్వచ్ఛందంగా వచ్చినవాళ్లకు కొలిచి కొలిచి షాకులిచ్చాడు. ఇప్పుడు ఏ విశ్వవిద్యాలయమూ అటువంటి ప్రయోగానికి ఒప్పుకోదు.

విద్యుత్ కారు రెండో రాకడకు దారివేసింది కాలిఫోర్నియా. ఆ రాష్ట్రపు గాలి నాణ్యత మండలి 1990లో పొగ లేని కార్లు కొంత శాతం అమ్మి తీరాలని కంపెనీలను ఆదేశించింది. 1996లో జనరల్ మోటార్స్ ఈ వీ 1 కారును లీజుకు ఇచ్చింది. దానితోపాటు ఇంటి గరాజుకు 6.6 కిలోవాట్ల చార్జరు వచ్చేది. అదే ఏడాది కోడ్‌లో విద్యుత్ కారు చార్జింగుకు 625వ అధ్యాయం చేరింది. కార్లను కంపెనీ వెనక్కి తీసుకుని చాలావాటిని తుక్కు చేసింది. అధ్యాయం మాత్రం కోడ్‌లో నిలిచింది. 2010 జనవరిలో జె1772 అనే గుండ్రటి చార్జింగు ప్లగ్గు ప్రమాణమైంది. ఆ ఏడాది చివర నిస్సాన్ లీఫ్ రోడ్డెక్కింది. దాని చార్జరు 3.3 కిలోవాట్లదే, అంటే బట్టలారబెట్టే డ్రయ్యరు కన్నా తక్కువ. రెండేళ్లకు వచ్చిన టెస్లా మోడల్ ఎస్‌కు రెండు చార్జర్లు కోరుకున్నవాళ్లు 80 ఆంపియర్లు లాగవచ్చు. గంటల తరబడి సాగే భారానికి బ్రేకరు నాలుగోవంతు ఎక్కువ ఉండాలన్నది కోడ్ నియమం కనుక దానికి 100 ఆంపియర్ల బ్రేకరు కావాలి. ఒకప్పుడు ఇల్లంతటికీ చాలిన కరెంటు ఒక్క బండికే కావలసి వచ్చిందన్నమాట.

ఇక్కడే ఎడిసన్ వోల్టుల బెడద బయటపడుతుంది. అమెరికా ఇంట్లో మామూలు సాకెట్టుకు కారు తగిలిస్తే 120 వోల్టుల దగ్గర 12 ఆంపియర్లు, అంటే 1.4 కిలోవాట్లే అందుతాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇళ్లలో గీజరుకు పెట్టే 15 ఆంపియర్ల సాకెట్టు 230 వోల్టులతో సుమారు 3.3 కిలోవాట్లు ఇస్తుంది. హైదరాబాదులో కారు కొన్నవాళ్లు చాలామంది దానితోనే రాత్రి గడిపేస్తున్నారు. డాలస్‌లో ఉన్న వాళ్ల బంధువులు గరాజుకు 240 వోల్టుల సర్క్యూట్ కొత్తగా లాగించుకోవాల్సివస్తోంది. అప్పుడే పెట్టెలో ఖాళీ ఉందా, మెయిన్ బ్రేకరు ఓర్చుకుంటుందా అన్న ప్రశ్న వస్తుంది.

ఆ ప్రశ్నకు కోడ్‌లో లెక్క ఉంది. 2,000 చదరపు అడుగుల ఇంటికి దీపాలు, సాకెట్ల కింద అడుగుకు 3 వాట్ల చొప్పున 6,000, వంటింటి, లాండ్రీ సర్క్యూట్లకు 4,500, డిష్‌వాషరుకు 1,200 అనుకుంటే మొత్తం 11,700. ఇందులో మొదటి 10,000 పూర్తిగా, మిగిలినదాంట్లో 40 శాతం లెక్కిస్తారు. ఎందుకంటే ఇంట్లో అన్నీ ఒకేసారి నడవవు. 10,680 వస్తుంది. ఏసీకి 5,000 కలిపితే 15,680, అంటే 240 వోల్టుల దగ్గర 65 ఆంపియర్లు. వంట, నీళ్లు, డ్రయ్యరు గ్యాసుతో నడిచే ఆ ఇంటికి 24 ఆంపియర్ల చార్జరు పెడితే, ఎక్కువ సేపు నడుస్తుంది కనుక 7,200 కలిపినా మొత్తం సుమారు 95 ఆంపియర్లే. పాత 100 ఆంపియర్ల పెట్టె చాలు. అదే ఇంట్లో పొయ్యి, నీళ్ల హీటరు, డ్రయ్యరు కరెంటువి అయితే కారు రాకముందే లెక్క 100 దాటుతుంది. కాబట్టి పెట్టె మార్చాలా అన్నది కారును బట్టి తేలదు. ఇంట్లో ముందే ఏముందో దాన్నిబట్టి తేలుతుంది.

మార్చాల్సివస్తే అది పెట్టెతో ఆగే పని కాదు. నగరపాలక సంస్థ అనుమతి, స్తంభంనుంచి లేదా నేలకిందనుంచి వచ్చే సర్వీసు తీగ, మీటరు పెట్టె, నేలలో దిగ్గొట్టే ఎర్త్ కడ్డీలు, సరఫరా కంపెనీ వచ్చి ఒక పూట కరెంటు ఆపడం, చివర ఇన్‌స్పెక్టరు సంతకం. వీధి ట్రాన్స్‌ఫార్మరు కింద ఇప్పటికే చాలినన్ని ఇళ్లుంటే దాన్నీ మార్చాలి, అందుకు నెలలు పట్టవచ్చు. కాలిఫోర్నియా 2015 నుంచి కొత్త విడి ఇళ్లకు గరాజు దాకా 40 ఆంపియర్లకు సరిపడే గొట్టం ముందే వేయాలన్న నియమం తెచ్చింది. ఇల్లు కట్టేటప్పుడు చవక, కట్టాక ఖరీదు అన్న సంగతిని కోడ్‌లోకి తేవడానికి ఒక రాష్ట్రానికి ఇన్నేళ్లు పట్టింది.

పెట్టె పెంచకుండా గడిపే దారి కూడా కోడ్ ఒప్పుకుంది. భార నియంత్రణ పరికరం ఇంటి మొత్తం వాడకాన్ని క్షణక్షణం కొలిచి, ఏసీ, పొయ్యి, డ్రయ్యరు కలిసి నడిచే సాయంత్రం కారుకిచ్చే కరెంటు తగ్గిస్తుంది. ఇల్లు నిద్రపోయాక పెంచుతుంది. 1880లో ఎడిసన్ ఫ్యూజు చేసిన పని తీగను కాపాడటానికి కరెంటు ఆపేయడం. ఈ పరికరం ఆపకుండా పంచుతుంది. 60 నుంచి 100, 100 నుంచి 200 అంటూ అలవాటుగా పెరిగిన అంకెకు ఇది మొదటి అడ్డు. చాలా ఇళ్ల విషయంలో ఇదే సరైన మార్గం కూడా. 2022లో వచ్చిన ఫోర్డ్ ఎఫ్-150 లైట్నింగ్ మరో మెట్టు ఎక్కింది. తగిన పరికరాలుంటే కరెంటు పోయినప్పుడు అది తన బ్యాటరీనుంచి ఇంటికి 9.6 కిలోవాట్ల దాకా తిరిగి ఇస్తుంది.

ప్రభుత్వ ధోరణి మాత్రం పెద్ద పెట్టె వైపే మొగ్గింది. 2022 ఆగస్టులో సంతకమైన ద్రవ్యోల్బణ తగ్గింపు చట్టం ప్యానెల్ మార్పిడి ఖర్చులో 30 శాతం, గరిష్ఠంగా 600 డాలర్లు ఆదాయపు పన్నులో తగ్గించుకోనిచ్చింది. షరతులు రెండు: కొత్త ప్యానెల్ 200 ఆంపియర్లకు తగ్గకూడదు, హీట్ పంపు వంటి మరో అర్హమైన పరికరంతో కలిపి పెట్టించుకోవాలి. కారు ఒక్కదాని కోసం పెట్టె మార్చినవాళ్లకు అది వర్తించలేదు. ఆ రాయితీ 2025 డిసెంబరు 31తో ముగిసింది.